చమురు పడని బావి

దామోదర్‌కు ఓడిపోవడం చేతకాదు. చేపల కొట్లో బేరమైనా, పేకాటైనా, భార్యతో వాదనైనా గెలిచేదాకా వదిలే రకం కాదాయన. ఈ సంగతి సౌదీలోని అల్ ఖోబర్ తెలుగువాళ్ళందరికీ తెలుసు. అందుకే తెలుగు సంఘం ఏటా పెట్టే వాదపోటీలో ఆయన లేకపోతే హాలు సగం కూడా నిండదు.

ఈ ఏటి విషయం: కంటికి కనపడని కణాల వెంటపడే పరిశోధనలకు ప్రజల డబ్బు అంతలేసి పోయడం న్యాయమేనా? ఎవరిది ఏ పక్షమో చీటీలతో తేలుస్తారు. కార్యదర్శి ఖాదర్ మొహిద్దీన్ టీ కప్పులో చీటీలు వేసి ముందుకు చాచాడు. దామోదర్ తీసిన దాంట్లో 'న్యాయమే' అని ఉంది. ఆయన మొహం చూడాలి!

ఎందుకంటే సరిగ్గా ఆ మాట మీదే నెల్లాళ్ళుగా వాళ్ళింట్లో యుద్ధం. కూతురు నమ్రత పన్నెండో తరగతి పూర్తిచేసింది. ఇండియాలో మంచి సంస్థలో ఫిజిక్స్ సీటొచ్చింది. చదివితే ఆ కణాల శాస్త్రమే చదువుతానంటుంది. చమురు బావులు తవ్వించే ఇంజనీరు తండ్రేమో పెట్రోలియం చదవమంటాడు. "జనం సొమ్ము తగలేసి దుమ్ము వెతికే చదువు మనకొద్దు" అని తేల్చేశాడు. సీటుకు డబ్బు కట్టే గడువు ఆదివారంతో సరి.

"చీటీ మార్చుకోండి, మునిగిపోయిందేముంది?" అంది ఇంటికొచ్చాక భార్య నాగమల్లేశ్వరి, నవ్వాపుకుంటూ.

"నేను మార్చుకోవడమా? ఏ పక్షమిచ్చినా గెలిచి చూపిస్తా."

పైగా సిగ్గు లేకుండా వెళ్ళి కూతుర్నే పాయింట్లు అడిగాడు.

"ఇంట్లో వద్దని, హాల్లో కావాలంటే ఎలా నాన్నా? నీ పక్షం నువ్వే వాదించుకో," అని తలుపేసుకుంది నమ్రత.

శుక్రవారం భోజనాలయ్యాక పోటీ మొదలైంది. అవతలి పక్షం గుండె డాక్టరు అమర్నాథ్. నెమ్మదిగా మాట్లాడతాడు గానీ గట్టివాడు.

"ఈ పరిశోధనల వల్లే వెబ్ పుట్టిందంటారు, ఆసుపత్రి యంత్రాలొచ్చాయంటారు. యంత్రాలే కావాలంటే నేరుగా వాటికే ఖర్చు పెట్టొచ్చుగా? మన ఊళ్ళ ఆసుపత్రుల్లో మంచాలు చాలక జనం నేల మీద పడుకుంటున్నారండీ."

చప్పట్లు మోగాయి. దామోదర్ కాగితం నిండా రాసుకొచ్చినవి ఆ వెబ్బూ ఆ యంత్రాలే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. బెదరడం ఆయన ఒంట్లో లేదు.

"ఎడారిలో నేనో బావి తవ్వించా. రెండేళ్ళు తవ్వాం. చమురు పడలా. ఇంట్లో కూడా చెప్పలా. ఇక ఉద్యోగం తీసేసి, ఎగ్జిట్ వీసా కొట్టి ఇండియా పంపేస్తారనుకుని సామాను సర్దుకున్నా. మా సౌదీ మేనేజరు పిలిచి ఒక్కటే అడిగాడు, లాగ్ సరిగా రాశావా అని. అంటే ఎంత లోతులో ఏ రాయి తగిలిందో రాసిపెట్టేది. రాశానన్నా. మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు, పోయి తర్వాతి బావి చూసుకోమన్నాడు. అది ఎవరి సొమ్ము? ఈ దేశం జనానిది. అక్కడ లేదని తెలియడానికే అంత పోశారు. ఖాయంగా పడేచోటే తవ్వుతామని కూర్చునుంటే ఇక్కడ ఇప్పటికీ ఇసకే ఉండేది."

"మీరు చమురు కోసం తవ్వారు. వాళ్ళకేం దొరుకుతుందో వాళ్ళే చెప్పలేరు కదండీ," అన్నాడు అమర్నాథ్.

"చెప్పలేరు. ముందే తెలిస్తే వెతకడం ఎందుకు? మంచాలొద్దని నేనన్లేదు డాక్టరుగారూ, అవీ కావాలి. ఇంట్లో బియ్యం కొంటూనే పిల్లల ఫీజు కడతాం. రేపు ఈ పిల్ల నాకేం తెచ్చిపెడుతుందో రాసిస్తేనే కడతానని ఏ తండ్రయినా..."

మాట అక్కడ ఆగిపోయింది. రెండో వరసలోంచి నమ్రత రెప్పవేయకుండా చూస్తోంది. దామోదర్ కాసిని నీళ్ళు తాగి, "అంతే," అని కూర్చున్నాడు. హాలు దద్దరిల్లింది. గెలుపు కప్పు ఆయనకే ఇచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో కప్పు వెనక సీట్లో నమ్రత ఒళ్ళో ఉంది. సముద్రం పక్క రోడ్డెక్కాక అడిగింది.

"నాన్నా, ఇందాక చెప్పింది చీటీ కోసమా, నిజంగానా?"

చీటీ కోసమే అనేస్తే గొడవ వదిలిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆనాడు సర్దిన పెట్టె, మేనేజరు అన్న మాట గుర్తొచ్చాయి. ఏమీ దొరక్కపోయినా వెతకనిస్తావా అనే తన బిడ్డ ఇన్నాళ్ళుగా తనను అడుగుతోందని తెలిసి సిగ్గేసింది.

"బావి నిజమేనమ్మా," అన్నాడు.

"బావి సంగతి కాదండీ అది అడిగేది," అంది నాగమల్లేశ్వరి.

దామోదర్ కారు పక్కకు తీసి ఆపాడు. ఫోన్ తీసి, కూతురు ఎన్నడో పంపిన సీటు మెసేజీ వెతికి, అక్కడికక్కడే డబ్బు కట్టేశాడు. ఆదివారం దాకా ఆగలేదు. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"ఏమీ దొరక్కపోయినా ఇంటికి ధైర్యంగా రా," అన్నాడు. "లాగ్ మాత్రం సరిగా రాయి."