బల్లలు మోసే యువజన శాఖ

మా తమ్ముడు శాంతికుమార్ కాలువ లాకుల దగ్గర గుమాస్తా. అక్కడికి చెన్నపట్నం నుంచి వచ్చే పాత పేపర్లు చదివి, సీమదేశాల్లో పార్టీలకు కుర్రవాళ్ల శాఖలు వేరే ఉంటాయని కనిపెట్టాడు. ఇంకేముంది, మా లూథరన్ పేటకూ ఒకటి కావలసివచ్చింది. మా పేటలో పార్టీలంటే గుడి సంఘపెద్ద ఎన్నికలో నిలబడే రాజరత్నంగారి పక్షం, చిట్టియ్యగారి పక్షం, అంతే. మావాడు స్నేహితుల్ని పోగేసి రాజరత్నంగారి యువజన శాఖ పెట్టాడు.

"సీమలో ఈ శాఖలవాళ్లే రేపటి పెద్దలక్కా," అన్నాడు.

"రేపటి సంగతి సరే. ఇవాళ ఏం చేస్తారు?" అన్నాను.

ఇవాళ బల్లలు మోశారు. గుడిలో మేమందరం చాపల మీదే కూర్చుంటాం. పెద్దలకు మాత్రం బల్లలుండాలి. అవేమో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడివి. ప్రతి ఆదివారం పొద్దున బడి నుంచి గుడికి, మధ్యాహ్నం గుడి నుంచి బడికి మోయడమే శాఖ పని. "నా కుడిభుజాలు మీరేరా," అని రాజరత్నంగారు వాళ్లని మునగచెట్టు ఎక్కించేవారు. తీరా ఎన్నిక రోజున, ఓటు ఇంటి యజమానులకే గాని కుర్రాళ్లకు లేదని తెలిసింది. అయినా మావాడికి సిగ్గు రాలేదు.

రాజరత్నంగారు గెలిచారు. "నీ బడికి నేనున్నాను రూతమ్మా," అని ఎన్నికకు ముందు నాతో అన్న పెద్దమనిషి, గెలవగానే ఏరు దాటి తెప్ప తగలేశారు. కోతల పండుగకు వచ్చే కానుక ధాన్యం పోయడానికి చోటు లేదట. సోమవారం నుంచి నా బడి మూసి గాదె చేస్తారట. మొగపిల్లల బడి జోలికి మాత్రం వెళ్లరట. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ శాఖ ఏమంటుంది?" అని తమ్ముణ్ణి నిలదీశాను.

"పార్టీ మాట మీరకూడదక్కా. సీమలో అదే పద్ధతి," అని నసిగాడు.

"నీ సీమ చల్లగుండ," అన్నాను.

ఆదివారం బడికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని గుడికి వెళ్లాను. ఆరాధన మొదలైంది. బల్లలు లేవు. పెద్దలందరూ గంజి పెట్టిన పంచెలతో గోడవారన నిలబడ్డారు. పాటలయ్యాయి, వాక్యం చదవడమైంది, పాదిరిగారి ప్రసంగం సాగుతూనే ఉంది. చివరికి రాజరత్నంగారు నా దగ్గరికి వచ్చి వంగి, "తాళంచెవి ఇవ్వమ్మా," అన్నారు.

"బడి ఉంటే బల్లలుంటాయండి. గాదెలో బల్లలెందుకండి?"

ఆయన శాంతికుమార్ వైపు తిరిగారు. "ఒరే, మీవాళ్లని తీసుకెళ్లి ఆ తాళం పగలగొట్టు."

తమ్ముడు లేచాడు. శాఖ అంతా వాడి మొహమే చూస్తోంది. వాడు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. మెల్లిగా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మోసి మోసి భుజాలు పోయాయండి. ఈ పూటకి చాప మీద కూర్చోండి," అన్నాడు.

కూలికి వెళ్లే ఏసమ్మ జరిగి చోటిచ్చింది. "రండి బాబూ. నా మనవరాలు రోజూ నాకు వాక్యం చదివి పెడుతుందండి. బడి తీసేస్తే తమరొచ్చి చదువుతారా?" అని నిజంగానే అడిగింది.

ఆయన ఏసమ్మ పక్కన కూర్చుని ప్రసంగం చివరిదాకా నేల చూస్తూ ఉండిపోయారు. ప్రకటనల వేళకు మోకాళ్లు పట్టుకుని లేచారు.

"ఆడపిల్లల బడి నడుస్తుంది. అసలు మూయాలని మా పార్టీ ఏనాడూ అనుకోలేదు," అన్నారు, కళ్లయినా ఆర్పకుండా.

ఆయన ఇంకో మాట అనేలోగా శాంతికుమార్ "ఆమెన్" అన్నాడు. వెంటనే శాఖ అంతా అంది, ఆ వెనక గుడి మొత్తం అంది. గుడిలో ఆమెన్ పడ్డాక మాట వెనక్కి తీసుకునే మొగాడు మా పేటలో లేడు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.