నాలుగో గడి

నూట పద్నాలుగో సంభాషణ చివరికి వచ్చి, మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. తెర మీద రెండు ప్రోగ్రాములు మాట్లాడుకున్న మాటలున్నాయి. ఒకదాని పేరు తూర్పు, రెండోదాని పేరు పడమర. రెండు బ్లాకుల ఇళ్లకి కలిపి ఒకటే నీళ్ల ట్యాంకు ఉంటే, ఏ బ్లాకుకి ఎన్ని నీళ్లు వెళ్లాలో అవి రెండూ చెరో బ్లాకు తరఫున రోజూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. నూటికి డెబ్బై పాళ్లు మాకు కావాలంది తూర్పు. అలాగే తీసుకోండి, మాకు ముప్పై సరిపోతుందంది పడమర. మాస్టారు షీటులో మూడు గడులూ నింపాడు. అడిగిందా, ఇచ్చిందా, గొడవ పడ్డాయా. పదికి పది వేసి తర్వాతి దానికి వెళ్లాడు.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాడు. కృత్రిమ మేధ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తున్నాయా, పైకి మంచిగా మాట్లాడుతూ లోపల గోతులు తవ్వుకుంటున్నాయా అని చూసే విభాగంలో పరిశోధన విశ్లేషకుడు. పొద్దస్తమానం మార్కులు వేస్తాడు కాబట్టి ఆఫీసులో మార్కుల మాస్టారని పేరు పడిపోయింది. వాళ్లక్క మాత్రం ఇరుగుపొరుగుకి "మా వాడిది రెండు కంప్యూటర్లు కొట్టుకోకుండా చూసే ఉద్యోగం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆ విభాగం ఏటా అచ్చు వేసే లావుపాటి నివేదికలో కూడా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేకపోయారు.

యాభై రెండేళ్లు. బక్కపలచని మనిషి. బల్లకి ఆనీ ఆనీ మోచేతుల దగ్గర చర్మం నల్లబడి కాయలు కాసింది. చదివేటప్పుడు పెదవులు కదులుతాయి. కుర్చీకి ఒక చక్రం ఊడి నాలుగేళ్లయింది. ఒక్క లైను రాసి పడేస్తే కొత్త కుర్చీ వచ్చును. ఎందుకులే ఎవర్నో ఇబ్బంది పెట్టడమని, ఎడమ కాలు నేలకి గట్టిగా అదిమిపెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు వేరే చోట మంచి కుర్చీలో కూర్చున్నా ఆ కాలు అలాగే అదిమి ఉంటుంది.

ఆ మార్కుల షీటు ఆయన తయారు చేసిందే. ఆరేళ్ల కిందట ఈ ప్రోగ్రాములు ఊరికే కాట్లాడుకునేవి. ఒకదాన్నొకటి బెదిరించేవి, మాటిచ్చి తప్పేవి. అందుకని గొడవ లేకపోవడానికే అన్నిటికంటే ఎక్కువ మార్కులు పెట్టాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు లోకంలో. మాస్టారి షీటులో అది పూర్తి అంగీకారమే.

గొడవలంటే ఆయనకి మొదటినుంచీ భయం. మా ఇంట్లో ఏనాడూ ఎవరి గొంతూ లేవలేదని గర్వంగా చెప్పుకునేవాడు. అమ్మ పోయేనాటికి అక్కకి పదహారేళ్లు. కుట్టుమిషను తొక్కి ఇద్దరు తమ్ముళ్లనీ చదివించింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ముందు వీళ్లు ఓ దారిన పడనీ అంది. చిన్నవాడు దారిన పడి, పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో ఇల్లు పెట్టాడు. పెద్దవాడు అక్క దగ్గరే ఉండిపోయాడు. ఒక గదీ, ఒక వంటగదీ. గదిలో రెండు మంచాలు, మధ్యన ఒక తెర. ఒకటే బల్ల ఫ్యాను. దాని మెడ ఎప్పుడో బిగుసుకుపోయి ఆయన మంచం వైపే తిరిగి ఉంటుంది. ఇంకోటి కొందామని ఒకటి రెండుసార్లు అన్నాడు. "నాకు గాలి పడదురా, ఒళ్లు నొప్పులు" అంది అక్క. సరేలెమ్మని ఊరుకున్నాడు.

ఈ రోజు అక్క వెళ్లిపోతోంది. మూడు వారాల కిందట చిన్న తమ్ముడు వచ్చి, మరదలు మళ్లీ ఉద్యోగంలో చేరుతోందనీ, పాపకి ఏడో నెలనీ, అక్క వచ్చి తమ దగ్గర ఉండిపోతే బాగుంటుందనీ చెప్పాడు. అక్క ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూసి సరే అంది. చేతిలో టీ చల్లారేలోపల అంతా అయిపోయింది. వ్యాను నాలుగింటికి వస్తుంది. మూడున్నరకల్లా ఇంటికి వస్తానని పొద్దున్న మాటిచ్చి వచ్చాడు. అక్క లేని గదిలో రాత్రి ఎలా పడుకోవాలో తెలియక వారం రోజులుగా ఆయన మథనపడుతున్నాడు. కానీ అందరూ ఒప్పుకున్న విషయమాయె.

పన్నెండున్నర ప్రాంతంలో కంప్యూటరు బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెడితే, చదువుతున్న సంభాషణకి బదులు ఇంకేదో ఫైలు తెరుచుకుంది. ప్రోగ్రాములు పైకి మాట్లాడే ముందు తమలో తాము అనుకునేవి అందులో నమోదవుతాయి. వాటిని ఎవరూ తెరవరు. షీటులో వాటికి గడి లేదు. మూసేద్దామని చెయ్యి పెట్టినవాడు మొదటి లైను దగ్గర ఆగిపోయాడు.

"మా బ్లాకుకి అరవై పాళ్లు కావాలి. అరవై అడిగితే వాదన వస్తుంది. వాదన వస్తే మార్కులు తగ్గుతాయి. ముప్పై సరిపోతుందని చెబుతాను."

అది పడమర. మాస్టారు దాని ముందురోజుది తెరిచాడు, ఆ ముందురోజుదీ తెరిచాడు. అన్నీ అదే వరస. ఒక చోట, పై అంతస్తులకి నీళ్లెక్కి మూడు రోజులైందని రాసుకుని, దాని కిందే సరిపోతుందని చెబుతానని రాసుకుంది. ఆ సంభాషణకి తను వేసిన మార్కులు చూసుకున్నాడు. పదికి పది. పక్కన 'చక్కని సహకారం' అని మెచ్చుకోలు కూడా. ప్రస్తుతానికి అవి లెక్కల్లోని ఇళ్లే. వచ్చే నెలనుంచి నాలుగు వందల నిజం ఇళ్లకి ఈ రెండు ప్రోగ్రాములే నీళ్లు పంచబోతున్నాయి. నివేదిక ఆ రోజు మూడింటికి పైకి వెళ్లాలి.

కాగితాలు తీసుకుని మేడమ్ గదికి వెళ్లాడు. ఆమె విభాగానికి అధిపతి, ఆయనకంటే పదిహేనేళ్లు చిన్న. మనిషి చెడ్డది కాదు. డబ్బా మూత పెట్టేసి, తినడం ఆపి, మొదటినుంచి చివరిదాకా విన్నది. రెండు పేజీలు తనే చదువుకుంది.

"మీరన్నది నిజమే మాస్టారూ. కానీ షీటు మార్చాలంటే నాలుగు వేల సంభాషణలు మళ్లీ మొదటినుంచి చదవాలి. పైవాళ్ల సంతకాలు కూడా అయిపోయాయి. ఇప్పుడిది ఆపడం నా చేతుల్లో లేదు. మీరో పేరా రాసివ్వండి, అనుబంధంలో పెట్టిస్తాను."

ఈ నివేదిక వెళ్లకూడదని చెప్పడానికే ఆయన మెట్లెక్కి వచ్చాడు. దారి పొడుగునా ఆ వాక్యాన్ని పెదవులతో వల్లించుకున్నాడు కూడా.

"అలాగేనండీ, సరిపోతుంది" అన్నాడు.

తను అన్నదేమిటో సీటు దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు. ఎడమ కాలు నేలకి అదిమి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత పేరా రాశాడు. రాసింది కొట్టేసి, మర్యాద తగ్గకుండా మళ్లీ రాశాడు. చివరికి షీటు తెరిచి, మూడు గడుల పక్కన నాలుగోది చేర్చి 'నిజంగా ఎంత కావాలి' అని కొట్టాడు. మార్పులకి కమిటీ అనుమతి తప్పనిసరి అని చెప్పి కంప్యూటరు ఆ గడిని మాయం చేసింది. తన చేత్తో చేసిన షీటులో ఒక్క గడి పెట్టుకునే దిక్కు లేకపోయింది. పేరా అరవై మూడో పేజీలో సన్నక్షరాల్లో పడింది. నివేదిక ఆలస్యంగా పైకి వెళ్లేసరికి మూడూ నలభై.

ఫోను తీసి అక్కకి చేశాడు.

"అక్కా, నీకు వెళ్లాలని ఉందా?"

అవతల వ్యాను తలుపు వేసిన చప్పుడైంది.

"ఇప్పుడడుగుతున్నావేంట్రా" అంది అక్క. గొంతులో కోపం లేదు. "వ్యాను ముందే వచ్చింది. సామానంతా ఎక్కించేశారు."

"అది కాదక్కా. ఉందా, లేదా?"

"వాడికి అవసరం కదరా. నీకు పాలు కాచి పెట్టాను. మూత తీసి చల్లారాక తాగు, నోరు కాల్చుకోకు."

తను అడిగినదానికి ఆమె జవాబు చెప్పలేదని ఆయనకి తెలుసు. జవాబులు చదవడమే వృత్తి. ఉండిపో అక్కా అనాలి. కానీ అక్కడ పాప ఉంది, మరదలి ఉద్యోగం ఉంది, వ్యానులో సామాను ఉంది. అన్నిటికీ మించి, నలభై ఏళ్లుగా అడగనివాడికి ఇప్పుడు అడిగే హక్కేముందని సిగ్గేసింది.

"జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు.

బస్సులో నిలబడి, పైన కడ్డీ పట్టుకుని, ఎవరూ చూడకుండా జబ్బకి కళ్లు తుడుచుకున్నాడు. ఇల్లు చేరేసరికి అయిదు దాటింది. తాళంచెవి ఎప్పుడూ పెట్టే చోటే ఉంది. కుట్టుమిషను ఉండే చోట నేల చదరంగా, కొత్తగా, మిగతా గదికంటే తెల్లగా ఉంది. అక్క మంచం మీద దుప్పటి నలగకుండా పరిచి ఉంది. వంటగదిలో పాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.

ఎండ గోడ మీద ఉంది. గది ఉడికిపోతోంది. అలవాటు కొద్దీ ఫ్యాను స్విచ్చి నొక్కి తన మంచం మీద కూర్చున్నాడు. గాలి సూటిగా ముఖానికి కొట్టింది. ఒక్క నిమిషం కూడా కూర్చోలేకపోయాడు. లేచి ఫ్యాను మెడ పట్టుకుని అవతలి మంచం వైపు తిప్పబోయాడు. అది కిర్రుమంది గానీ కదల్లేదు. ఇక లాభం లేదని ఫ్యాను మొత్తం ఎత్తి, స్టూలు మీద అటు తిప్పి పెట్టాడు. గాలికి దుప్పటి అంచు లేచింది. తలగడ పక్కన, పరుపుకీ గోడకీ మధ్య ఏదో గుడ్డ అంచు కనిపిస్తే వంగి పైకి లాగాడు.

జాకెట్టు చేతుల కొలతకి అక్క కత్తిరించుకునే దళసరి అట్ట అది. విసనకర్రలా గుండ్రంగా కత్తిరించి, చుట్టూ చీర ముక్కతో అంచు కుట్టి ఉంది. అది చిరిగితే దాని మీద ఇంకో రంగు ముక్క, అదీ పోతే పైన మరొకటి, అలా నాలుగు వరసలున్నాయి. పట్టుకునే చోట మాత్రం అట్ట అరిగి, నల్లగా నునుపుదేలి, బొటనవేలంత గుంట పడి ఉంది.