డెబ్బై ఏళ్ల మోకాలు

ప్రతి మంగళవారం మా అత్తగారిని మూడో అంతస్తు నుంచి దించి, నేను పనిచేసే స్కానింగ్ సెంటర్‌కి ఆనుకుని ఉన్న ఫిజియోథెరపీ గదికి తీసుకువెళ్లడం నా వంతు. ఆవిడ బరువంతా నా భుజం మీదే. మెట్టుమెట్టుకీ కటకటమని చప్పుడు. "విన్నావా, అమ్మ మోకాళ్లు ఎలా అరిగిపోయాయో" అనేవారు మా ఆయన, ముందు నడుస్తూ, బండి తాళాలు ఆడిస్తూ. నాకూ కాలు లాగుతోందని ఒకసారి అంటే, "ముప్ఫై ఎనిమిదేళ్లకే మోకాళ్ల నొప్పులేంటి, అమ్మతో పోటీనా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఓ రోజు ఆవిడని కింద కూర్చోబెట్టి, మరిచిపోయిన శాలువా కోసం ఒక్కదాన్నే పైకెక్కాను. ఆ చప్పుడు నాతోనే వచ్చింది. నేనాగితే ఆగింది.

ఈ మంగళవారం ఆవిడకి స్కాన్ తీశాక, తోటి టెక్నీషియన్‌ని బతిమాలి నేనూ ఆ బల్ల మీద పడుకున్నాను. తర్వాత పక్కగదిలో, తొడ కండరం బలం కొలిచే కుర్చీలో కూర్చుని, పట్టీ కట్టిన కాలిని శక్తికొద్దీ ముందుకు తన్నాను. అత్తగారి అంకె ఇరవై ఆరు. నాది పదకొండు.

తెర మీద రెండు మోకాళ్లూ పక్కపక్కనే వెలిగాయి. ఆవిడ ఎముకల మధ్య మృదులాస్థి ఇంకా మందంగానే ఉంది. నా దాంట్లో కొన్నిచోట్ల అసలు లేదు. ఎముకని ఎముక తాకుతోంది, అంచుల్లో ముళ్లలా కొత్త ఎముక. చూస్తున్నకొద్దీ, నా చర్మం లోపల ఎవరో ముసలామె ఎన్నాళ్లుగానో కాపురముంటోందనీ, నేను పడుకున్నాక కూడా ఆమె నిలబడే ఉంటోందనీ అనిపించింది.

రిపోర్టు రాసే డాక్టరుగారు మనుషుల్ని చూడరు. బొమ్మనీ, దాని మీది వయసునీ చూస్తారు.

"ఏంటమ్మా, మీ అత్తగారి పేరూ నీ పేరూ తారుమారు చేశావు. ఇది డెబ్బై ఏళ్ల మోకాలు. మార్చు. ఈ మోకాలున్నావిడ ఇక మెట్ల మీద ఏ బరువూ మోయకూడదని రాస్తున్నా."

నా వేలు మౌస్ మీద ఉంది. ఒక్క నొక్కుతో ఆ ముసలామె అత్తగారి కాల్లోకి వెళ్లిపోతుంది. వచ్చే మంగళవారం నేను మళ్లీ భుజమిస్తాను.

"ఇంకా ఎంతసేపు? అమ్మని పైకెక్కించాలి కదా," తలుపవతల నుంచి మా ఆయన.

మౌస్ వదిలేశాను.

"పేర్లు సరిగ్గానే ఉన్నాయండీ," అన్నాను డాక్టరుగారితో. "బరువు మోయకూడదన్నారే, ఆ మాట బయటికి వినపడేలా చదవండి."