డ్రైవరుగారు కుట్టిన బొంత

ముప్పై మూడేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన ఆయన్ని వీధిలో అందరూ ఇప్పటికీ డ్రైవరుగారనే పిలుస్తారు. వీడ్కోలు రోజున డిపోలో తోటివాళ్ళు ఇచ్చిన కానుక మాత్రం నిజానికి ఆయన కోసం కాదు. "ఇంట్లోకి ఏం కావాలమ్మా?" అని వాళ్ళు ముందే ఆయన భార్యను అడిగారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న మాట ఠక్కున చెప్పేసింది, కుట్టుమిషను అని. తీరా మిషను వచ్చాక దాని పెట్టె విప్పే తీరికే ఆవిడకు దొరకలేదు. పొద్దున వెళితే మళ్ళీ సాయంత్రానికే రావడం.

పది రోజులు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న డ్రైవరుగారు పదకొండో రోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నారు.

"ఆ మిషను మీద నేను బొంత కుడతాను. నీ పాత నూలు బట్టలూ, నా ఖాకీ చొక్కాలూ ముక్కలు చేసి."

మంచినీళ్ళు తాగుతున్న భార్యకు పొలమారింది. "మీరా? బొత్తాం ఊడితే ఆ చొక్కా తొడుక్కోవడమే మానేసే మనిషి!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు ఆవిడ గడప దాటడం ఆలస్యం, డ్రైవరుగారు మిషను బల్లమీదికి ఎక్కించారు. దాంతో వచ్చిన చిన్న పుస్తకం చూసి దారం తొడిగారు. పెడలు నొక్కారు. అది చిన్న పెడలు, ఆయనది బస్సు పాదం. మిషను ఒక్క ఉదుటున దూసుకుపోయి కీచుమని ఆగింది. గుడ్డ తిరగేసి చూస్తే అడుగున దారం పిచ్చుక గూడులా అల్లుకుపోయి ఉంది. మూడుసార్లు విప్పారు, మూడుసార్లు కుట్టారు. మూడుసార్లూ గూడే.

ఇక లాభం లేదని మరదలికి ఫోను కొట్టారు. భార్యకు స్వయానా చెల్లెలు. రెండు వీధుల అవతల టైలరు దుకాణం నడుపుతోంది. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, ఆ గూడు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వితే నవ్వావు గానీ మీ అక్కకు చెప్పకు."

"చెప్పన్లెండి. దారం తొడిగేటప్పుడు ఈ పాదం పైకెత్తారా బావగారూ?" అంటూ గుడ్డను అదిమిపట్టే చిన్న ఇనుప పాదాన్ని చూపించింది.

"ఎత్తాలా?"

"ఎత్తకపోతే దారం లోపలి బిళ్ళల మధ్యకి దిగదు. దానికి పట్టు ఉండదు. పట్టు లేని దారమంతా కిందికి పోయి గూడు కడుతుంది."

పాదం ఎత్తి దారం తొడగగానే మిషను బుద్ధిగా కుట్టసాగింది. కుట్టు మాత్రం తాగినవాడి నడకలా అటూ ఇటూ పోయింది. మరదలు కాసేపు ఆయన ముఖాన్నే గమనించింది.

"మీ చూపెక్కడుంది?"

"సూది మీద. ఇంకెక్కడుంటుంది?"

"బస్సు నడిపేటప్పుడు చక్రాన్ని చూస్తూ నడిపేవారా?"

డ్రైవరుగారి కాలు పెడలు మీద ఆగిపోయింది. "రోడ్డు అంచు చూసేవాణ్ణి."

"ఇక్కడా అంతే. సూది కింది ఈ పలక మీద గీత ఉంది చూడండి. గుడ్డ అంచు ఆ గీతను దాటకుండా చూసుకోండి చాలు. సూది సంగతి సూదే చూసుకుంటుంది."

"ఓసి నీ దుంపతెగ, ఈ ముక్క ముందే చెప్పొద్దూ!" అని డ్రైవరుగారు గీత పట్టుకుని మూర పొడవు కుట్టు తిన్నగా వేశారు. ఆ పేలికను కిటికీ వెలుతురులో అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని మురిసిపోయారు.

అలా మొదలైంది. భార్య వెళ్ళగానే మిషను బల్లమీదికి ఎక్కేది, ఆవిడ వచ్చే వేళకు పెట్టెలోకి వెళ్ళేది. అరచేయంత ముక్కలు కోసి, వరసకు పది చొప్పున కలిపారు. మూడో వరస మొదటిదాని పక్కన పెడితే రెండు వేళ్ళు పొట్టిగా వచ్చింది. ప్రతి కుట్టులోనూ అటూ ఇటూ బియ్యపుగింజ మందాన గుడ్డ ఎక్కువగా లోపలికి పోయింది. పది ముక్కలకు అది రెండు వేళ్ళయింది. ఉసూరుమంటూ వరసంతా విప్పారు. ఆ తర్వాత ప్రతి కుట్టునూ ఇస్త్రీ చేసి, కొలిచి, అప్పుడు గానీ ముందుకు కదల్లేదు. పైగుడ్డ, దూది పొర, అడుగుగుడ్డ, మూడూ పరిచి పిన్నులు గుచ్చి, మరదలు చెప్పినట్టే నడిమధ్య నుంచి అంచులకు కుట్టుకొచ్చారు. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో ముడతలు పోగవుతాయట.

చివరి గీత కుడుతుండగా తలుపు చప్పుడైంది. ఆ రోజు భార్యకు డ్యూటీ తొందరగా అయిపోయింది. ఉలిక్కిపడి లేవబోయిన డ్రైవరుగారి వెంట బొంత కూడా లేచింది. చొక్కా అంచు దానికింద ఇరుక్కుని జానెడు మేర కుట్టుపడిపోయింది.

"ఏమండీ! ఉన్నారా?"

"ఉన్నాను! లేవలేను!"

"అయ్యో, నడుం పట్టేసిందా?"

"కాదు! బొంతకు కుట్టేశాను!"

"దేన్ని?"

"నన్నే!"

ఆవిడ తన తాళంచెవితో తలుపు తీసుకుని హడావుడిగా లోపలికొచ్చింది. బల్లముందు సగం లేచి వంగిపోయి నిలబడ్డ మొగుణ్ణి చూసి, గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. తర్వాత చిన్న కత్తెర అందుకుంది. "కదలకండి" అంటూ, గాయం మానినవాళ్ళకు కుట్లు తీసినంత నేర్పుగా ఒక్కొక్క దారమే తెంపింది.

అప్పుడు చూసింది బొంతను. ఖాకీ పక్కన నీలం, నీలం పక్కన తెలుపు. ఆ నీలం తను ఉద్యోగంలో చేరిన కొత్తలో తొడుక్కున్నది. వేలితో దాన్ని తడిమింది.

"నాకేనా?" అంది.

"మరెవరికి? ఫ్యాను గాలికి ముడుచుకుని పడుకుంటావని..."

"ఈ మూల కలవలేదేం?"

"అది నీ కంటపడుతుందని తెలుసు."

"అంచు పట్టీ నేను కుడతాను. కాస్త జరగండి" అని ఆవిడ కుర్చీలో కూర్చుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో మిషను ఖాళీగా దొరకడమే కష్టం. సెలవు రోజున కాఫీ కూడా తాగకుండా ఆవిడ దానిముందు చేరుతుంది. డ్రైవరుగారు కోసిన ముక్కలు ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంటారు.

"అయిందా?"

"ఇంకొక్క వరస."

"గంట నుంచీ అదే ఒక్క వరస!" అని ఆయన గొణుక్కుంటారు, కాఫీ కలపడానికి లేస్తూ.