అబ్బులు స్వామి మెడలో నేను

నేను ఒక తులసిపూసల మాలను. ఇప్పుడు మాలనని చెప్పుకోవడం కూడా పెద్ద మాటే. కుంకుమ డబ్బాలో గలగలలాడే పూసలను. అయినా ఒకప్పుడు నన్ను వేసుకున్నవాడి కాళ్ళకు పేటంతా మొక్కింది. చెబుతాను, కాస్త కూర్చోండి.

ఎండిన తులసికొమ్మల్ని చిన్న మరమీద తిప్పి, సూదంత కన్నం పెట్టి నన్ను పుట్టించారు. దారం ఎక్కించినావిడ నోట్లో కిళ్ళీ, మనసులో కోడలితో గొడవ. దైవత్వం ఆ తర్వాత వచ్చిందిలెండి. సామర్లకోటలో నన్ను కొన్నది రైసుమిల్లు మేస్త్రీ వెంకన్న. చుక్క ముట్టని మనిషి. ఏటేటా నాతో శబరిమల కొండెక్కి, మోకాళ్ళు అరిగిపోయాక మేనల్లుడు అబ్బులుకి నన్ను అప్పగించాడు. "దీన్ని మెళ్ళో వేసుకోరా. తాగుడు అదే మాన్పిస్తాది" అన్నాడు.

అబ్బులు లారీలకు బొమ్మలు వేసేవాడు. లారీ వెనక అతను గీసిన నెమలి, మబ్బు పడితే ఆడుతుందేమో అనిపించేది. అయితే పొద్దున్నే గొంతులో చుక్క పడందే ఆ చెయ్యి నిలిచేది కాదు. రాత్రి నిద్రకు మందులషాపు మాత్రలు.

కార్తీకం వస్తే మాత్రం వేరే మనిషి. నల్లపంచె, చన్నీళ్ళ స్నానం, నుదుట గంధం. నిన్నటిదాకా తాగుబోతు సచ్చినోడన్న నోళ్ళే "అబ్బులు స్వామీ, భిక్షకు రండి" అనేవి. దీక్షలో ఆలుమగలు ఎడంగా పడుకోవాలి కదా, భార్య నూకరత్నం మాత్రం తనకు మొగుడు దక్కేది ఆ రోజుల్లోనే అనేది. దీక్ష మొదటి రోజుల్లో అతనికి వణుకొచ్చేది. చన్నీళ్ళ వల్లనుకునేవారు. కొండనుంచి వచ్చి నన్ను తీసి మేకుకు తగిలించిన సాయంత్రమే బ్రాందీషాపు. మేకుమీదనుంచి ఆ వెళ్ళే వీపును ఎన్నేళ్ళు చూశానో.

ఒక ఏడు వినాయకచవితి వెళ్ళాక నూకరత్నం కాళ్ళనొప్పులకని పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడ తాగుడు, మత్తుమాత్రలు మాన్పించే గదిలో ఒక మేడం ఉంది. ఆవిడ అంతా విని అతన్ని వెంటనే తీసుకురమ్మంది. ఇంత ముదిరాక ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది, మందులిస్తూ, కూర్చోబెట్టి మాట్లాడుతూ మాన్పించాలి అంది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, అబ్బులు గొడవ పడలేదు. చేతులు చూసుకున్నాడు. "ఎల్దామే నూకా. ఈ చెయ్యి నా మాట ఇనడం లేదు" అన్నాడు.

ఆపింది ఆవిడే. మేకుమీద నన్ను చూపించింది. "కార్తీకం వత్తంది కదయ్యా. స్వామి ఉండగా పిచ్చోళ్ళాసుపత్రి మనకెందుకు? నలుగురూ ఏవనుకుంటారు?"

నాకు నోరుంటే బాగుండునని అనిపించింది ఆ ఒక్కరోజే.

మెడలో మాల పడిన రెండు మూడు రోజులకే పేట స్వాముల పీఠంలో పడిపూజ. మెట్లమీద కర్పూరం వెలిగించి భజన చేస్తున్నారు. అబ్బులు గుండె నా కింద పరిగెడుతోంది. ఒళ్ళంతా చెమట. చేతులు గడగడా వణికాయి, ఎవరూ లేని గోడవైపు చూసి ఏదో మాట్లాడాడు. "స్వామి పూనాడు" అని ఎవరో అన్నారు. అంతే. హారతులిచ్చారు, కాళ్ళమీద పడ్డారు. కొడుక్కి ఉద్యోగం వస్తుందా అని ఒకరు, తప్పిపోయిన గేదె దొరుకుతుందా అని ఒకరు. వాళ్ళ మధ్యలోంచి నూకరత్నం వచ్చి, సొంత మొగుడికి చేతులు జోడించింది.

"స్వామీ, మా ఆయన మళ్ళీ తాగుతాడా?"

అతను ఆవిడను గుర్తుపట్టాడు. నాకు తెలుసు, గొంతు దగ్గరే కదా నేనుండేది. "నూకా, చీమలే... ఒళ్ళంతా చీమలు. దులిపెయ్యవే" అన్నాడు. చీమల పుట్టకు పాలు పోయించాలని ఒక పెద్దాయన అర్థం చెప్పాడు. అంతలోనే అతనికి ఫిట్స్ వచ్చి, కుడిచెయ్యి ముందుగా వెలుగుతున్న మెట్లమీద పడిపోయాడు.

ఆసుపత్రిలో నర్సు కత్తెరతో నా దారం కత్తిరించింది. నూకరత్నం మంచాల కింద పాకుతూ పూసలేరుకుంది. మనిషి బతికాడు. కాలిన వేళ్ళు మాత్రం దగ్గరకు ముడుచుకుపోయి కుంచె పట్టలేకపోయాయి. మాల వేసినందుకు ఇలా అయిందని నన్నెవరూ అనలేదు. ఎవరైనా అని ఉంటే నూకరత్నానికి కాస్త తేలికయ్యేదేమో.

తర్వాత అబ్బులు ఆ మేడం గదికి వెళ్ళడం మొదలుపెట్టాడు. చొక్కాజేబులో నా పూస ఒకటి పెట్టుకుని, మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేత్తో తిప్పేవాడు. చాలా వారాలు గడిచాయి. ఒకరోజు చెప్పాడు. "మాల తీసిన సాయంత్రమే దాహం వేసేదండి. మెడ తేలికైపోయేది."

మేడం అంది. "ఇక్కడ మెడలో వేసేదేమీ లేదు అబ్బులు గారూ. తీసేసేదీ ఉండదు."

మధ్యలో ఒకసారి తాగాడు. సిగ్గుపడి మేడం దగ్గరికి వెళ్ళడం మానేస్తాడనుకున్నాను. మళ్ళీ వెళ్ళాడు.

మొన్న ఇంటిముందునుంచి ఒక లారీ వెళ్ళింది. దానిమీద అతని పాత నెమలి, రంగు వెలిసిపోయి. ఇద్దరూ అన్నం దగ్గర కూర్చుని అది మలుపు తిరిగేదాకా చూశారు. నూకరత్నం చారు వడ్డిస్తూ అడిగింది. ఈసారి చేతులు జోడించలేదు.

"మళ్ళీ తాగుతావేటయ్యా?"

"తెలీదే. గురువారం మేడం దగ్గరికెళ్ళాలి. నువ్వూ రా."

ఆవిడ తలూపింది. ఇంకొక్క మాట, డబ్బాలో నన్ను లెక్కపెడితే ఒక పూస తక్కువొస్తుంది. పోలేదు. గురువారానికని జేబులో ఉంది.