డాలీ చెవి

1976 మార్చి ఇరవయ్యో తేదీ శనివారం ఉదయం ఏడున్నరకు మా కుక్క డాలీ మా ఆయన సంజీవరావుగారి బొటనవేలు కరిచింది. ఆయన దాని చెవి ఎత్తి చూడబోయారు, కరిచింది. రక్తం రాలేదు. నేను వంటింట్లో ఆయన క్యారేజీ సర్దుతున్నాను.

ఆయన వేలు కుళాయి కింద పెట్టుకుని, కుక్క వైపు కాక నా వైపు చూశారు.

"నెలాఖరుకి రాజీనామా ఇచ్చెయ్, రత్నం. ఇంట్లో మనిషి లేకే గదా ఇది ఇట్లా తయారైంది."

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటర్ని. పెళ్ళికి ముందు వచ్చిన ఉద్యోగం. మానెయ్యమనడం మా ఇంట్లో కొత్త కాదు. కారణాలు మారుతూ వచ్చాయి. మొదట పుట్టబోయే బిడ్డ కోసం అన్నారు. ఆ బిడ్డ దక్కలేదు. తర్వాత మా అత్తగారు తెరేసమ్మగారి మోకాళ్ళ కోసం అన్నారు. ఆవిడ మోకాళ్ళు గుణదల మేరీమాత కొండెక్కి దిగుతూనే ఉన్నాయి. ఇప్పుడు కుక్క. ఆటోనగర్‌లో ఆయన పనిచేసే లారీ సామాన్ల షాపు యజమాని మద్రాసుకు మారిపోతూ ఇచ్చిన పమేరియన్ అది. వచ్చినవాళ్ళందరికీ ఆయన దాన్ని చూపిస్తారు. దానికి అన్నం కలిపేదీ, దువ్వేదీ, చెవి తుడిచేదీ నేను. ఏడాదిగా ఆ చెవి కారుతోంది. మందు వేస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. చెవి దగ్గరకు చెయ్యి తెస్తే కరుస్తుందని నాకు తెలుసు. ఆయనకు ఆ రోజు తెలిసింది.

"పిల్లల్లేని కొంపలో కుక్కయినా తిన్నగా పెరగలేదు," అన్నారు అత్తగారు వాకిట్లోంచి. "ఆదివారం వస్తే చాలు, దాని గోకుడు మొదలు. ఎందుకు రాదూ? చర్చిలో పూజ ఎగ్గొట్టి డ్యూటీకి పోయే ఇల్లాలు ఎక్కడైనా ఉందా?"

ముందు అయిదు వారాలు సెలవు పెడతాను, తర్వాత చూద్దామన్నాను. ఆయన ఒప్పుకున్నారు. సెలవు కాగితం తీసుకుని మా సూపర్‌వైజర్ ఛాయాదేవిగారు, "ఎవరికండీ ఒంట్లో బాగాలేదు?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ కాసేపు కాగితం చూసి, "నా సర్వీసులో కుక్క చెవికి సెలవు ఇదే మొదటిదండీ జీవరత్నంగారూ. నేను సొంత పనులని రాసుకుంటాను," అన్నారు.

సోమవారం పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అత్తగారు తోడు వచ్చారు. అక్కడ వరసలో ఉన్నవన్నీ గేదెలు, ఎడ్లు. పలుపు పట్టుకున్న ఒక రైతు డాలీని చూసి, "పాలెన్నిస్తుందమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు ముసుగు సర్దుకున్నారు.

డాక్టరు హనుమయ్యగారు చెవి లోపలికి లైటు వేసి చూశారు.

"ఇందులో నూనె పోశారా?"

"వెల్లుల్లి వేసి కాచిన నూనె బాబూ. మా పిల్లలందరికీ అదే పోశాను," అన్నారు అత్తగారు.

"ఇంక పొయ్యకండి. పాదాలు నాకుతుందా?"

"ఎప్పుడూ నాకుతూనే ఉంటుందండీ," అన్నాను.

"అయితే తిండి పడకపోవడం కావచ్చు. కావచ్చు అంటున్నాను, అవునని కాదు. ఒక్కొక్కటీ మాన్పించి చూడాలి. మందు చుక్కలు రెండు పూటలా వెయ్యండి. ముందు మాంసం ఆపండి."

"అది ఆపి చాలా రోజులైందండీ. మాకిప్పుడు తపస్సుకాలం. ఈస్టరు దాకా ఇంట్లోకి మాంసం రాదు," అన్నాను.

"కుక్కక్కూడానా?"

"మాతో పాటేనండీ."

ఆయన పెన్ను ఆపారు. "మాంసం మానినా తగ్గలేదంటే తిండి కాదేమో మరి," అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అత్తగారు డాలీ నెత్తి నిమిరి, "నా తల్లి, ఉపవాసం కూడా ఉంటోంది," అన్నారు.

మర్నాడు పాత్రలు తోమే దానమ్మను ఆవిడ మాన్పించారు. "కోడలు ఇంట్లోనే ఉందిగా," అన్నారు. కుక్క కోసం పెట్టిన సెలవులో అంట్లు, బట్టలు, బియ్యం ఏరడం వచ్చి చేరాయి. ఎక్స్ఛేంజిలో నా చెవుల మీద హెడ్‌సెట్ ఉంటుంది. బందరు నుంచి, గుడివాడ నుంచి, మద్రాసు నుంచి మనుషులు మాట్లాడతారు. వాళ్ళకు నా పేరు తెలియదు, ముఖం తెలియదు. నేను "మాట్లాడండి" అంటే మాట్లాడతారు, "మూడు నిమిషాలైంది" అంటే ఆగుతారు. పెళ్ళయిన తర్వాత నేనన్న మాటకు ఎవరైనా ఆగింది లైన్లు కలిపే ఆ బోర్డు దగ్గరే. సెలవులో ఆ సంగతి అంట్లు తోముతూ ఆలోచించాను. ఉద్యోగం పోతే ఏం పోతుందని ఆయన ఎప్పుడూ అడుగుతారు. ఖర్చుల సంగతి ఆయన చూసుకుంటారట. పోయేది ఇదని ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం నాకు రాలేదు.

చుక్కలు వేస్తూనే ఉన్నాను. చీము తగ్గలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం అందరికీ జెల్ల చేపల పులుసు వడ్డించి, ముళ్ళు తీసిన ముక్క డాలీ పళ్ళెంలో వేశాను. వేసి, అక్కడే నిలబడిపోయాను. డాక్టరు మాంసం అన్నారు. నేను మా ఇంటి లెక్కలో జవాబు చెప్పాను. మా ఇంట్లో చేప మాంసం కాదు. మాంసం మానిన రోజు తినేది చేప. ఏడాది పొడుగునా శుక్రవారం శుక్రవారం డాలీ చేప తింటోంది, ఆదివారానికి చెవి గోకుతోంది. తపస్సుకాలం వచ్చాక రోజూ తింటోంది, రోజూ గోకుతోంది. పళ్ళెం తీసేశాను. అన్నంలో మజ్జిగ కలిపి పెట్టాను.

రాత్రి ఆయనకు చెప్పాను.

ఆయన నవ్వారు. "చేప తింటే చెవి కారుతుందా? అయితే కొల్లేరు వాళ్ళలో ఒక్కడికీ చెవులుండకూడదే."

"మనుషులకి కాదండీ. దీనికి."

"నువ్వు డాక్టరువా?"

అత్తగారు, "ముక్క లేని అన్నం దాని ముందు పెట్టి మనం తింటే కళ్ళు పోతాయి," అన్నారు. నేను డాలీకి వేరే వేళకు, వెనక వరండాలో పెట్టడం మొదలుపెట్టాను. ఈస్టరు నాటికి చెవి ఆరింది. వాసన పోయింది. చర్చి నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చిన బంధువులకు ఆయన దాన్ని ఎత్తుకుని చూపించారు. అది చెవి పట్టుకోనిచ్చింది.

భోజనాల దగ్గర ఆయన అందరూ వినేలా అన్నారు: "నేను చెప్పలా? ఇంట్లో మనిషుంటే చెవి అదే నయమవుతుందని. ఇంక మళ్ళీ డ్యూటీ ఏంటి? సెలవు అయ్యేలోపు ఆ రాజీనామా కాగితం ఇచ్చేస్తే సరి."

"మేరీమాత చల్లగా చూసింది," అన్నారు అత్తగారు.

నేను వడ్డిస్తున్నాను. చేప గురించి చెప్పాను. "అబ్బా, మళ్ళీ చేప," అన్నారు ఆయన. బంధువులు నవ్వారు. నేను చేసిన పని వల్ల చెవి నయమైంది. నేను ఇంట్లో ఉండాలనడానికి అదే సాక్ష్యమైంది.

ఈస్టరు తర్వాతి శుక్రవారం కొర్రమేను వండాను. అత్తగారు పీట మీద కూర్చుని తింటున్నారు. డాలీ ఆవిడ మోకాలి దగ్గర కూర్చుంది. ఆవిడ వాకిలి వైపు ఒకసారి చూసి, ముక్క చిదిపి చెయ్యి కిందికి దించారు. నేను పొయ్యి దగ్గర నుంచి చూశాను. రెండో ముక్క కూడా చూశాను. చెయ్యి పట్టుకుంటే ఆగేది. నేను పట్టుకోలేదు. శుక్రవారం, శనివారం గడప దాటలేదు. కూరగాయలు కూడా వీధిలోకి వస్తే కొన్నాను.

ఆదివారం ఉదయం డాలీ తల నేలకేసి రుద్దుతోంది. చెవి లోపల ఎర్రబడింది. నేను ముట్టుకోబోతే మూలిగింది. ఆ మూలుగు విని ఆయన లేచి వచ్చారు.

"మళ్ళీ వచ్చిందే! ఏం చేస్తున్నావు ఇంట్లో ఉండి?"

"ఇంట్లోనే ఉన్నానండీ," అన్నాను. "సెలవు పెట్టిన దగ్గర్నుంచి ఇంట్లోనే ఉన్నాను. శుక్రవారం ఉన్నాను, నిన్న ఉన్నాను. చెవి నొప్పి మళ్ళీ వచ్చింది."

అత్తగారు జపమాల తీసుకున్నారు.

"రెండే రెండు ముక్కలు," అన్నారు, ఎవరూ అడగకుండానే. "ముళ్ళు కూడా తీశాను."

ఆయన తల్లిని చూశారు, నన్ను చూశారు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"మీకు చెప్పి చూశాను ముందు."

డాలీని ఒళ్ళో పెట్టుకుని చెవి తుడిచాను. ఈసారి అది నన్ను కరిచింది. నేను దాన్ని వదిలెయ్యలేదు. దూది ఎలా తిప్పాలో, చుక్కలు వేసి చెవి మొదట్లో ఎంతసేపు నొక్కాలో ఆయనను కూర్చోబెట్టి చూపించాను. రేపటి నుంచి ఉదయం చుక్కలు మీరు వెయ్యాలి, అత్తగారి చేతిలో చేప ఉన్నంతసేపు దాన్ని వరండాలో కట్టెయ్యాలి అన్నాను. దానమ్మకు కబురు పంపాను.

"రాజీనామా సంగతి?" అన్నారు ఆయన.

"ఇవ్వను," అన్నాను.

సోమవారం ఉదయం ఆరు గంటలకు డ్యూటీలో చేరాను. వేలికి కట్టు ఉంది. మొదటి కాల్ బందరుకు, అర్జెంటు. లైను కలిపి, మాట్లాడండి అన్నాను.