జ్వరమొచ్చినోడి సాంచాలు

బతుకుతెరువుకు వలసొచ్చిన జోల్వాలో మేం బట్ట నేసే మరమగ్గాల, అదే సాంచాల షెడ్డు వెనక రెండు వరుసల గదులున్నాయి. రెండింటికీ ఒకటే నల్లా, ఒకటే మోరీ, అవే దోమలు. వానలు పడితే వెనక వరుసలో జ్వరం గది గదికీ తిరిగేది. మా వరుసలో మాత్రం వచ్చిన గదిలోనే ఆగిపోయేది. మాకు వండిపెట్టే కనకవ్వ కషాయం మహిమ అనేవారు కొందరు. పోచమ్మ బండారి పసుపు అనేవారు ఇంకొందరు.

రెండూ కాదు. మా వరుసలో జ్వరమొస్తే మనిషి పడుకుంటాడు. వాడి సాంచాలను పక్కవాళ్లు పంచుకుని నడుపుతారు. ఆ కూలి వాడి ఇంటికే పోతుంది. వాడి పళ్లెం, గ్లాసు కనకవ్వ వేరే పెడుతుంది. వెనక వరుసవాళ్లు తలా ఒక ఊరివాళ్లు, ఎవరి సాంచాలు వాళ్లవే. పడుకుంటే చోటు పోతుందని గోళీ మింగి, జ్వరాన్ని దాచుకుని పనికొచ్చేవారు.

ఈ వానాకాలం మా వరుస పరుశురాంకు కామెర్లయ్యాయి. కనకవ్వ చాప వేసి పడుకోబెట్టింది. షెడ్డుకు కొత్తగా వచ్చిన మేనేజరు దశరథం మావైపువాడే, ఇప్పుడు నగరంలో అడాజన్‌లో ఫ్లాటు. షెడ్డు నడుమ నిలబడి చెప్పేశాడు.

"ఒకని సాంచాలు ఇంకొకడు నడుపుడు బంద్. రేపు పరుశురాం రావాలె. లేకుంటే ఆ జాగల వేరేటోడు నిలవడ్తడు."

"కండ్లు పచ్చగైనయి సారూ," అన్నాడు మా వరుస నరహరి.

"చేతులు మంచిగనే ఉన్నయి గదా?"

ఆ సంగతి తెలిసి పరుశురాం గోడ పట్టుకుని లేచాడు. అంగీ అందుకున్నాడు. "నా జాగ పోతదవ్వా. ఇంటికాడ పోరగాండ్లున్నరు."

కనకవ్వ ఆ అంగీ గుంజుకుని నీళ్ల బకెట్లో ముంచింది. "గిప్పుడు తొడుక్కొని పో."

మర్నాడు పరుశురాం చోట, ఇంకా సొంత చోటు దొరకని వెనక వరుస అంబదాస్ నిలబడ్డాడు. మా ముఖాలు చూడలేదు. తెగిన పోగు అతకబోయి రెండుసార్లు జారవిడిచాడు. ఉక్కపోతకు అందరం తడిసి ముద్దవుతుంటే వాడి మెడ ఒక్కటే పొడిగా ఉంది. నరహరి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"పెనం లెక్క కాలుతున్నవేందిరా!"

"ఏం లేదన్నా. జర ఎండ తలిగింది."

"ఇంత ముసురుల ఎండేందిరా?"

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పకుండ్రన్నా. నన్ను గూడ తీసేస్తడు."

నరహరి నావైపు చూశాడు. నేను తల ఊపి, వాడు నిలబడ్డ సాంచాల దగ్గరికి నడిచాను. మా వరుస ముత్యం వాడి చంక కింద చెయ్యేసి గదుల వైపు తీసుకుపోతుంటే దశరథం అడ్డం వచ్చాడు.

"ఏడికి?"

"పండుకోబెట్టనీకి."

"వాడు మీ లైనోడు కాదు గదా!"

"జరమొచ్చినంక మావోడే."

"అందర్నీ తీసేస్త!"

"తియ్యి సారూ," అన్నాడు నరహరి. "ఇగో, పోగు అతుకుడు నేర్పిస్త. అన్ని సాంచాలు నువ్వే నడుపుకో."

నేను నా చేతి కిందివి ఆపేశాను. నా పక్కవాడు ఆపేశాడు. సాంచాల మోత ఒక్కో వరుసా తగ్గుకుంటూ పోయి, షెడ్డు రేకుల మీద వాన చప్పుడు వినిపించింది. ఆ షెడ్డులో వాన వినడం మాకదే మొదలు.

దశరథం షెడ్డు యజమాని సేటు గది తలుపు వైపు చూశాడు. అది తెరుచుకోకముందే, "నడుపుండ్రి, నడుపుండ్రి," అన్నాడు.

"పరుశురాంయి గూడనా సారూ? జరమొచ్చినోళ్లందరియి గూడనా?" అన్నాడు నరహరి.

"ఎవరియన్న నడుపుకోన్రి! ముందుగాల నడుపుండ్రి!"

అంబదాస్‌కు పరుశురాం పక్క గదిలో వేరే చాప పడింది. కనకవ్వ జావ తాగిస్తూ అడిగింది. "మీ లైన్ల ఇంకెవ్వరు దాస్కుంటున్నరు బిడ్డా?"

వాడు తల దించుకున్నాడు. కనకవ్వ ఇంకా జావ కాయడానికి పెద్ద గంజు పొయ్యి మీద పెట్టి, వానలోకి వచ్చి వెనక వరుస ముందు నిలబడింది.

"జరమున్నోళ్లు దాస్కోకుండ్రి! పండుండ్రి! మీ సాంచాలు మావోళ్లు చూస్తరు!"

కాసేపటికి చివరి గది తలుపు గడియ తీసిన చప్పుడైంది. దాని పక్కదీ తెరుచుకుంది.